గ అంటే గాలి

కొత్తవాడల కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం
మన్విత్ గాడు పగిలిన ట్యాబును నా ఒళ్లె పడేసి
"చిన్నమ్మా, దీన్ని జర అక్షరాలల్లకు మార్చవా" అన్నడు.

అండ్ల వాడు కట్టింది తాత మగ్గాల షెడ్డు.
కోట కాదు, తోరణం కాదు.
రేకుల కప్పు, సున్నం రాలిన గోడ,
మూలకు నీళ్ల కుండ,
కుండ పక్కన ఎవ్వరూ కూసోని స్టూలు.
అన్నీ గడులే. ఆఖరికి కుండ సుత నలుపలకలే.

పర్కాల దోస్తు ఫోన్ల ఆ ఫైలు తెరుచుకోదట.
వాని ఆట వేరే, వీని ఆట వేరే,
ఒకని ఇటుక ఇంకొకనికి ఇటుక కాదు.

సరే అని కూసున్న.
ముందుగాల పొడుగు, వెడల్పు, ఎత్తు:
ముప్పై, ఇరవై నాలుగు, పదిహేను.
ఆ తర్వాత ఒక్కో సరుకుకు ఒక్కో అక్షరం.
ఇటుకకు ఇ, రేకుకు ర, దారానికి ద.
తలుపుకు ముఖం ఉంటది గనక
త పక్కన తూర్పో పడమరో ఇంకో అక్షరం.
మరి ఏమీ లేనికాడ ఏం రాయాలె?
ఉత్తగ వదిలితే లెక్క తప్పుతది,
పక్క గడి ముందుకు జరిగి
గోడ గోడంతా వంకర పోతది.
అందుకే గ.
గ అంటే గాలి.

కింది నుంచి మీదికి, పొర మీద పొర,
గ గ గ గ గ గ ఇ గ గ గ
రాసుకుంట పోతాంటే తెలిసింది,
పదివేల ఎనిమిది వందల గడులల్ల
తొమ్మిది వేల చిల్లర గాలే అని.
ఇన్నేండ్లు ఆ షెడ్డుల ఇరుకు ఇరుకని
అమ్మ ఎందుకు తిట్టిందో!

ఇరవై ఎనిమిది గ-లు వరుసగ రాసే బదులు
గ28 అంటే అయిపాయె.
చాంతాడంత ఫైలు జేబు రుమాలంత అయింది.

ప్రింటు తీసి గోడకు అంటించిన.
బాపు వచ్చిండు, దారం కట్టిన అద్దాలు సర్దుకున్నడు.
"ఇది జంపఖానా గ్రాఫే కదనే" అన్నడు.
ఇగ మొదలువెట్టి చదువుడు,
ఎదురుంగ కూసున్న జోడీకి రంగులు చెప్పినట్టు:
"గ పన్నెండు, ఇ రెండు, గ నాలుగు, ద ఒకటి..."
ఎడమ చెయ్యి దానంతట అదే
లేని పడుగులకు లేని కండె తోస్తాంది.

మొదటి పొర కాడ ఆగిండు.
మళ్ల చదివిండు.
"మగ్గం ఉన్నది, పలక ఉన్నది.
నేసెటోడు కాళ్లు యాడ పెట్టాలె?"

"నేను తవ్విన తాతా!
నీ మోకాళ్ల లోతు తవ్విన!"
పోరడు ఏడుపు గొంతుతోని ట్యాబు తిప్పి చూపిచ్చిండు.
నిజమే. నేల కింద రెండు గడుల లోతు, నాలుగు గుంటలు.

నేను రాసిన ప్రోగ్రాం సున్నా నుంచి లెక్కవెట్టింది.
సున్నా కింద ఉన్నదాన్ని చూడలే.
చూడలేదన్న ముచ్చట కూడా చెప్పలే.

మైనస్ ఒకటి. మైనస్ రెండు.
పదిహేను కాదు, పదిహేడు అని ఎత్తు దిద్దిన.
కొత్త పొరల నిండా మ, మ, మ,
మట్టి నడుమ నాలుగు చోట్ల గ2.
బాపు వాటి మీద వేలు పెట్టుకుంట పోయిండు.
"ఇది నాది. ఇది రాజవీరుది.
ఇండ్ల వాన నీళ్లు ఊరేటియి, ఎవ్వడు దిగకపోయేది.
ఇది..."
నాలుగోది ఎవరిదో యాదికి రాలే.
అద్దాలు తీసి అంగీకి తుడుచుకున్నడు.

రాత్రి పర్కాల నుంచి ఫోటో వచ్చింది.
షెడ్డు నిలబడ్డది.
తలుపు మాత్రం గోడ దిక్కు తిరిగి ఉన్నది,
తూర్పుకు పడమర రాసిన్నేమో, పొద్దున చూడాలె.
రెండో గుంటల ఆ దోస్తు పిలగాడు
ఒక తెల్ల కోడిని దింపిండు.

బాపు చాలా సేపు చూసిండు.
"రాజవీరు కన్న నయమే," అన్నడు,
"టైముకన్నా వచ్చింది."